మింగిన మాత్ర

స్కానింగ్ గదిలో బల్ల మీద బోర్లా పడుకున్న డ్రైవింగ్ మాస్టారి వీపుకి నర్సు చల్లటి మందు పూసింది. ఆయన ఊపిరితిత్తిలో గోళీకాయంత గడ్డ ఉంది. అది క్యాన్సరో కాదో తేల్చాలంటే, స్కానింగులో చూసుకుంటూ సూది దింపి చిన్న ముక్క తీయాలి.

"కొంచెం పీల్చి బిగబట్టండి. ప్రతిసారీ అంతే పీల్చాలి. లేకపోతే గడ్డ మాతో దొంగాట ఆడుతుంది," అన్నాడు డాక్టరు. "రక్తం పలచబడే మాత్ర ఐదు రోజులుగా ఆపారు కదా?"

"ఆపానండి."

ఆ మాట ఆయన అనడం రెండోసారి. మొదటిసారి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడుతూ అన్నాడు.

నిజానికి ఒక్కరోజూ ఆపలేదు. గుండెకి స్టెంటు వేసినప్పటి నుంచి ఆ మాత్రని భార్యే అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. మొన్న దవడలో దాచబోతే, "ఏదీ, నోరు తెరవండి," అంది. ఆపమన్నారని చెబితే ఎందుకంటుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. పరీక్ష, గడ్డ, ఆ వెనకే సిగరెట్టు. నాలుగేళ్ల కిందట ఆమె తల మీద చెయ్యి పెట్టి మానేశానన్న సిగరెట్టు.

తోడొచ్చిన బావమరిది బయట బెంచీ మీద ఉన్నాడు. "అక్కకి చెప్పెయ్ బావా. తర్వాత తెలిస్తే ఇద్దర్నీ కలిపి వాయిస్తుంది," అని దారంతా పోరు పెట్టాడు. మాత్ర సంగతి వాడికీ తెలియదు.

"మత్తు సూది. చీమ కుట్టినట్టుంటుంది," అన్నాడు డాక్టరు. "తర్వాత అసలు సూది. లోపల కాస్త రక్తం వచ్చినా భయపడకండి, దానంతటదే ఆగిపోతుంది."

ఆగదు. ఆ సంగతి ఆ గదిలో ఆయనొక్కడికే తెలుసు. అద్దం చూడకుండానే చూశానన్న కుర్రాళ్లని కారు దింపి ఇంటికి పంపిన మనిషి ఆయన.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం."

"నొప్పా?"

"కాదండి. మాత్ర ఆపలేదు. పొద్దున కూడా మా ఆవిడ ఇస్తే వేసుకున్నాను."

నర్సు చెయ్యి ఆగిపోయింది. డాక్టరు సూదిని ట్రేలో పెట్టేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

"వారం తర్వాత రండి. ఆ మాత్ర ఎవరిస్తారో వాళ్లనీ తీసుకురండి."

చొక్కా వేసుకుని బయటికొస్తే గుమ్మం పక్కన చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ. తన కోసమే ఆవిడ వంతు మధ్యాహ్నానికి జరిపారని పొద్దున నర్సు చెప్పింది. "అప్పుడే అయిపోయిందా నాయనా?" అంది ఆవిడ. తల దించుకుని దాటిపోయాడు.

బావమరిది దగ్గర ఫోను అడిగి తీసుకుని, మాస్టారు తనే ఇంటికి చేశాడు. గడ్డ గురించి చెప్పాడు. సిగరెట్టు గురించీ చెప్పాడు.

"నా తల మీద పెట్టింది సిగరెట్టు పట్టే చెయ్యేనా?" అంది భార్య. "ఇంటికి రండి."

మర్నాడు పొద్దున ఆమె ఆ ఒక్క మాత్ర తీసేసి మిగతావి ఇచ్చింది. మింగాక కూడా కదల్లేదు.

"ఏదీ, నోరు తెరవండి."

దగ్గరికొచ్చి వాసన చూసింది. మాస్టారు కళ్లు మూసుకుని, పిల్లాడిలా నోరు తెరిచి నిలబడ్డాడు.