మడ్డిలో పోవాల్సిన మాట

వెర్నా పన్నెండు నిమిషాలు ముందే కుళాయి తిప్పేసింది. మడ్డంతా జాడీలోకి పోయింది.

ప్రతి నెలా రెండో శనివారం, విస్కాన్సిన్‌లోని తన గరాజులో ఆమె బీరు కాస్తుంది. పెద్ద డేగిసాలో బార్లీ కషాయం పోసి, చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి గంటసేపు మరిగించి, దించి, చల్లార్చి, గరిటెతో ఒకే వైపు గిరగిరా తిప్పుతుంది. మూతపెట్టి ఇరవై నిమిషాలు ముట్టుకోదు. మడ్డి నడిమధ్య చిన్న పుట్టలా కూర్చుంటుంది. డేగిసా పక్క కుళాయిలోంచి తేట పులియబెట్టే జాడీలోకి దిగుతుంది.

ఆ డేగిసా మీద అన్న మాటలు కూడా మడ్డితోపాటే అడుక్కి చేరతాయి. వీధిలో అందరికీ తెలిసిందే. ఎదురింటి డోరిస్ సరిగ్గా మరిగే వేళకి వచ్చి తోటికోడల్ని కడుపునిండా తిట్టి, "హమ్మయ్య, రేపు చర్చిలో దాని పక్కన కూర్చోగలను" అని పోయేది. మర్నాడు వెర్నా ఆ మడ్డిని పెరట్లో రూబార్బ్ అనే పుల్లకాడల మొక్క పాదులో పోసేది.

వెర్నాదీ ఒక మాట ఉండేది. భార్య పోయి ఆరేళ్లయిన పక్కింటి నార్బర్ట్ డేగిసా దించడానికి వచ్చేవాడు. దించి, చేతులు కడుక్కోడానికి అతను లోపలికెళ్లగానే ఆమె ఆవిరిలోకి ఆ మాట అనేసేది. నాలుగేళ్లుగా రూబార్బ్ మాత్రం ఏపుగా పెరిగింది.

ఆ శనివారం నార్బర్ట్ అన్నాడు: "నాలుగింటికి కొనేవాళ్లు మా ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. అరిజోనాలో మా అక్క గది కూడా సర్దేసింది."

"మంచిదే. నీ మోకాళ్లకి ఎండ కావాలి."

"నా మోకాళ్ల సంగతి సరే, నీ డేగిసా ఎవరు దించుతారు?"

"నీకంటే తక్కువ మూలిగేవాళ్లు దొరక్కపోరులే."

అతను లోపలికెళ్లాడు. ఈసారి ఆమె ఆ మాట రెండుసార్లు అంది. చల్లార్చి, తిప్పి, మూతపెట్టి ఎనిమిది నిమిషాలయిందో లేదో, అతను గడియారం చూశాడు. "జాడీ ఎత్తిపెట్టాలంటే ఇప్పుడే. నేను వెళ్లాలి." వెర్నా చెయ్యి దానంతటదే కుళాయి మీదికి పోయింది.

నెల తిరిగింది. సోమవారం ఇల్లు అమ్మకం సంతకాలనగా, ఆదివారం సాయంత్రం నార్బర్ట్ వీడ్కోలు చెప్పడానికొచ్చి, అలమరలోంచి ఆ శనివారం కాచిన బీరు సీసా ఒకటి తీసుకున్నాడు.

"అది వద్దు. మడ్డి పడింది."

"మడ్డికి చచ్చినవాణ్ణి ఎక్కడా చూళ్లేదు," అంటూ గ్లాసులోకి వంచి గుక్క వేశాడు.

గ్లాసులోంచి వెర్నా గొంతు స్పష్టంగా వినిపించింది. "వెళ్లకు, నార్బర్ట్. భోజనానికి ఉండిపో." మళ్లీ ఇంకోసారి.

అతను మీసాల మీది నురగ తుడుచుకున్నాడు. "ఇది ఆరోజు అన్నావా?"

వేళాకోళానికి అన్నానని తప్పించుకుందామా అనుకుంది. తప్పించుకోలేదు. "నాలుగేళ్లుగా అంటున్నా."

"నాతో అనొచ్చుగా!"

"డేగిసా ఎదురు మాట్లాడదు."

అతను టోపీ తీసి కుర్చీకి తగిలించాడు. "ఇంతకీ ఏం వండావు?"

"సాసేజీలు. పులిసిన క్యాబేజీ."

సోమవారం సంతకాలు జరగలేదు. అతని ఇంటిముందు అమ్మకం బోర్డు పీకిన గుంట ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాతి రెండో శనివారం అతను డేగిసా దించి లోపలికెళ్లాడు. ఆవిరి మొహానికి కొట్టింది. వెర్నా పెదవులు బిగించి, అతను తిరిగొచ్చేదాకా ఆగింది. "రేపు కూడా రా," అంది, మొహం చూస్తూ.

ఇక డేగిసాలోకి ఆమె ఒక్క మాటా వదల్లేదు. ఆ ఏడు రూబార్బ్ బక్కచిక్కింది. చిక్కితే చిక్కనీ అనుకుంది.