దసరా నాటి గీత

ఉప్పల్‌లోని ఆ ఫార్మసీ కాలేజీకి పరిశోధన వ్యాసాల్లో తప్పులు పట్టే ఏఐ వచ్చిన కొత్తల్లో, దాన్ని చూసి భయపడని మేష్టారు రామచంద్రరావు ఒక్కడే. మిగతావాళ్లు దానికి మేనత్త అని పేరు పెట్టుకున్నారు. పెళ్లికి వచ్చి ప్రతి వంటకానికీ వంక పెట్టే మేనత్తలాగే అదీ ఎవరి వ్యాసం ఇచ్చినా ఊరుకునేది కాదు. ఈ పట్టికలో కూడిక తప్పింది, ఈ బొమ్మ ఇంతకుముందే ఇంకోచోట అచ్చయింది, మొదట్లో పది ఉన్న ఎలుకలు చివరికొచ్చేసరికి పన్నెండు ఎలా అయ్యాయి అని నిలదీసేది. సమాధానం చెప్పుకోలేక తోటి మేష్టర్లు నీళ్లు నములుతుంటే రామచంద్రరావుకు లోలోపల మహా సంతోషంగా ఉండేది. స్టాఫ్ రూములో ఆ తప్పులు చెప్పి అందరినీ నవ్వించేవాడు కూడా. తను శుభ్రంగా పనిచేసే మనిషినని ఆయనకు గట్టి నమ్మకం. అందుకే పీహెచ్‌డీ గ్రంథాలు మేనత్తకు చూపించి, అది ఇచ్చిన నివేదిక మీద సంతకం పెట్టే బాధ్యత కాలేజీ వాళ్లు ఆయనకే అప్పగించారు.

ఆ ఆదివారం పొద్దున రామంతాపూర్‌లోని తన ఇంట్లో ఆయన మేనత్త ముందు పెట్టింది శిరీష గ్రంథం. శిరీష ఆయన దగ్గరే పరిశోధన చేస్తున్న అమ్మాయి. నాచారం పిల్ల. వాళ్ల తాతలు జొన్న పండించిన చేలల్లో ఇప్పుడు మందుల కంపెనీలు ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఆమె తండ్రి బిక్షపతి బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి శిరీషే. డాక్టరేట్ చేతికొస్తే లెక్చరర్‌గా తీసుకుంటామని ప్రిన్సిపాల్ బసవరాజు మాట ఇచ్చాడు. ఇక మిగిలింది మేనత్త సరే అనడం, రామచంద్రరావు సంతకం పెట్టడం. అది అయిపోతే మర్నాడే గ్రంథం యూనివర్సిటీకి వెళుతుంది.

గ్రంథమంతా ఆయన పాత వ్యాసం మీదే నడిచింది. పన్నెండేళ్ల కింద రామచంద్రరావు ఉత్తరేణి వేరు రసాన్ని కాంతితో పరీక్షించే మిషన్‌లో పెట్టి చూశాడు. రసంలో ఏముందో దాన్నిబట్టి ఆ మిషన్ ఒక గీత గీస్తుంది. ఆ గీతలో ఎవరూ అనుకోని చోట మూపురంలా ఒక ఎత్తు లేచింది. ఇంతవరకూ ఎవరికీ తెలియని పదార్థం ఈ వేరులో ఉందని, అది వాపులు తగ్గిస్తుందని ఆయన రాశాడు. పేరున్న పత్రిక వేసింది. కాలేజీకి పరిశోధన కేంద్రంగా గుర్తింపు వచ్చింది ఆ వ్యాసంతోనే. ఆ పదార్థాన్ని విడదీసి చూపించడం శిరీష పని. కానీ విడదీయడం అటుంచి, నాలుగేళ్లు ఎన్నిసార్లు చేసినా ఆమెకు ఆ మూపురమే రాలేదు. నిరుడు దసరా సెలవులయ్యాక ఉన్నట్టుండి వచ్చింది. ఆరోజు రామచంద్రరావు స్టాఫ్ రూములో అందరికీ మిఠాయి పంచాడు.

మేనత్త గ్రంథం మొత్తం చదివి ఒకే ఒక్క చోట ఆగింది. ఐదో అధ్యాయంలోని గీత, రామచంద్రరావు పాత వ్యాసంలోని గీత ఒకటేనంది. మూపురం ఒకటే అయితే పర్వాలేదు, గీత పొడుగునా ఉన్న సన్నటి వణుకులు కూడా ఒకటేనని, రెండుసార్లు విడిగా కొలిస్తే అలా రావడం జరగదని చెప్పింది. కొద్దిగా సాగదీసి, రంగు మార్చి పెట్టారంది.

ఆయన ఒళ్లు మండిపోయింది. కన్నకూతురిలా చూసుకున్నాను, నా కంట్లోనే కారం కొట్టిందని పైకే అన్నాడు. నిజానికి కన్నకూతురిలా ఏమీ చూసుకోలేదు, కానీ కోపంలో మనిషికి అలాగే అనిపిస్తుంది. దొంగతనం రుజువు చేయాలంటే అసలు సొమ్ము కూడా పక్కన పెట్టాలి కదా. అందుకని తన పాత వ్యాసాన్ని పూర్తిగా మేనత్తకు ఇచ్చాడు. అదే ఆయన చేసిన పొరపాటు, లేదా చేసిన మంచిపని. ఏదనుకున్నా ఒకటే.

ఈ వ్యాసంలోని మూపురం పసుపులో ఉండే రంగు పదార్థానికి చాలా దగ్గరగా ఉందంది మేనత్త. రసంలోకో, రసం పోసిన గాజుపాత్రలోకో పసుపు చేరి ఉండవచ్చని, పరీక్ష చేసిన రోజున ల్యాబ్‌లో పసుపు వాడారేమో చూసుకోమని సలహా ఇచ్చింది.

"చూశావా పద్మావతీ, మేము ల్యాబ్‌లో పులిహోర కలుపుతున్నామని అనుకుంటోంది ఇది," అని ఆయన నవ్వుతూ భార్యను పిలిచాడు.

పద్మావతి బీరకాయ చెక్కు తీస్తోంది. ఎప్పటి సంగతని అడిగింది. గీత కింద మిషన్ అచ్చువేసిన తేదీని ఆయన చదివి వినిపించాడు. ఆమె చేతిలోని పని ఆపి కాసేపు ఆలోచించింది. దసరా రోజులు కదా అంది. ఆ ఏడే తెనాలి నుంచి తన తమ్ముడు పండక్కి వచ్చాడని, అందరూ ఆకలితో ఎదురు చూస్తుంటే ఈయన గోళ్ల నిండా పసుపుతో ఎప్పుడో ఇంటికొచ్చాడని, ఆయుధపూజ చేసిన రోజున మిషన్ ముట్టుకున్నందుకు తను పోట్లాడిందని గుర్తు చేసింది. "శాస్త్రానికి సెలవుల్లేవని మీరే అన్నారు," అంది. అని మళ్లీ బీరకాయ అందుకుంది.

రామచంద్రరావు నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

దసరా సెలవుల ముందు ఆ కాలేజీలో ల్యాబ్‌కు ఆయుధపూజ చేస్తారు. అటెండర్ పాండురంగ ఇత్తడి పళ్లెంలో పసుపు తడిపి తెస్తాడు. ల్యాబ్‌లో పెద్దవాడు ప్రతి మిషన్‌కూ తన వేలితో బొట్టు పెడతాడు. త్రాసుకు, గాజుపాత్రల పెట్టెకు కూడా పెడతాడు. ఆ తర్వాత సెలవులు అయ్యేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోరు. ఆ ఏడాది రామచంద్రరావు ముట్టుకున్నాడు. రసం తీసి సిద్ధంగా ఉంది, సెలవులయ్యేదాకా ఆగబుద్ధి కాలేదు. అందరూ వెళ్లాక వేళ్లు కుళాయి కింద పెట్టి, రుమాలుతో తుడుచుకుని, తను బొట్టు పెట్టిన పెట్టెలోంచే గాజుపాత్ర తీశాడు. మళ్లీ మళ్లీ చూశాడు, అదే పాత్రలో. ప్రతిసారీ మూపురం వచ్చింది. సెలవుల తర్వాత చేస్తే రాలేదు. వేరు పాతబడింది కాబోలు, దసరా రోజుల్లో తవ్విన పచ్చి వేరులోనే ఆ గుణం ఉంటుంది కాబోలు అనుకున్నాడు. అనుకోవడమే కాదు, వ్యాసంలో రాశాడు కూడా. మనకు కావలసిన మాటను మనసు ఎంత తొందరగా నమ్ముతుందో చెప్పలేం.

శిరీష ఏటా దసరాకు చెరువు గట్టున పడి వేర్లు తవ్వేది. పూజ అయ్యాక మాత్రం మిషన్ జోలికి వెళ్లేది కాదు. ఇంటికెళ్లి బతుకమ్మ పేర్చుకునేది. సెలవులయ్యాక గాజుపాత్రలన్నీ తోమి అప్పుడు మొదలుపెట్టేది. ఆచారం తప్పని పిల్ల కాబట్టి మూపురం రాలేదు. రాని ప్రతిసారీ ఆయన ఒకటే మాట అనేవాడు, నలుగురి ముందూ అనేవాడు. "నీకు శుభ్రత తెలియదమ్మా."

ఆ మాట గుర్తొచ్చాక ఆయన ఇంట్లో కూర్చోలేకపోయాడు. షేర్ ఆటోలో ఉప్పల్ చౌరస్తాకు, అక్కడి నుంచి బస్సులో నాచారానికి వెళ్లాడు. ఆదివారమైనా కంపెనీల ఘాటు వాసన గాలిలో ఉండనే ఉంది. సార్ స్వయంగా ఇంటికి వచ్చాడని శిరీష తల్లి ఐలమ్మ కంగారుపడి కుర్చీ తుడిచింది, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. శిరీష ఆయన చేతిలోని కాగితాలను చూసింది.

"తెల్సిపోయిందా సార్?" అని మెల్లగా అడిగింది.

ఎందుకు చేశావని ఆయన అడిగాడు. కోపంగా అడుగుదామనుకున్నాడు కానీ గొంతులో కోపం రాలేదు.

"ఎన్నిసార్లు జేసినా రాకపాయె సార్. మీకు వచ్చింది నాకెందుకు రాదని మస్తు ఏడ్సిన. మీరేమో శుభ్రత లేదంటిరి. గ్లాసులు తోమి తోమి చేతులు పలిగినయ్. ఆఖరికి నా చేతులల్లనే ఏదో ఉన్నదనుకున్న. మీ గీత నిజం, నాదే అబద్ధం అనుకున్న. గందుకే మీదే తీసి పెట్టిన."

ఆయన పసుపు సంగతి చెప్పాడు. దాచకుండా, పూజ దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు. శిరీష తలవంచుకుని వింది. తన అరచేతులను తిప్పి చూసుకుంది.

"అయితే నాకు రాకపోవుడే కరెక్టా సార్?"

"అవునమ్మా."

"ఇన్నేండ్లు నేను జేసింది కరెక్టేనా?"

"నువ్వు చేసిందే సరైనది."

ఆమె ఏడ్చింది. సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియనట్టు ఏడ్చింది. చాయ్ తెచ్చిన ఐలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. రామచంద్రరావు కళ్లు కూడా చెమర్చాయి. నీ అసలు గీతలు ఉన్నాయా అని అడిగాడు. అన్నీ ఉన్నాయంది. అయితే కాపీ చేసిన ఆ అధ్యాయం తీసేసి వాటితోనే మళ్లీ రాద్దామని, ఒక పాత వ్యాసం తప్పని నిరూపించడం కూడా పెద్ద పరిశోధనేనని, రేపే తన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి ఇస్తానని ఆయన చెప్పాడు.

"నాది కాపీ అని రాయుండ్రి సార్, తప్పు జేసిన. మీది పసుపని గూడ రాస్తరు గద?"

"రాస్తాను," అన్నాడు. ఆ క్షణంలో ఆయన అబద్ధం చెప్పలేదు.

సోమవారం ప్రిన్సిపాల్ బసవరాజు తలుపు మూసి అంతా విన్నాడు. ఏమీ ఆశ్చర్యపోలేదు. వచ్చే నెలలో కాలేజీ గుర్తింపు తనిఖీకి మనుషులొస్తున్నారని, వాళ్లకు చూపించే మొదటి కాగితం ఆ వ్యాసమేనని గుర్తుచేశాడు. మేనత్త మీ గురించి అన్నది పసుపు చేరి ఉండవచ్చని మాత్రమే, ఆ అమ్మాయి గురించి అన్నది రెండు గీతలూ ఒకటేనని, ఉండవచ్చు అనే మాట మీద ఎవరైనా పేరు పోగొట్టుకుంటారా అని అడిగాడు. ఆ అమ్మాయిది చిన్న వయసు, నాచారంలో కంపెనీలకు కొదవా అన్నాడు. ఆ తర్వాత నవ్వుతూ ఒక్క మాట అన్నాడు.

"స్టాఫ్ రూములో ఈ పసుపు కథ తెలిస్తే ఏమంటారో ఆలోచించారా సార్?"

రామచంద్రరావు ఆలోచించాడు. తను ఎవరెవరిని ఎన్నెన్ని మాటలని అందరినీ నవ్వించాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వాళ్లంతా ఇప్పుడు పులిహోర అంటారు. వచ్చే ఏడు రిటైరయ్యే రోజున దండ వేస్తూ కూడా పులిహోర అంటారు. పేరు పోతుందన్న దానికన్నా ఆ నవ్వే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. నివేదికలోంచి పసుపు సంగతి ఉన్న పేజీని బసవరాజు పక్కకు తీశాడు. మిగిలిన పేజీ మీద రామచంద్రరావు సంతకం పెట్టాడు. రోజూ పెట్టేంత తేలిగ్గా పెట్టాడు. దానికి ఆయనకే సిగ్గేసింది.

శిరీష రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆమె కాలేజీ వేసిన విచారణ కమిటీ ముందుకు వెళ్లి పసుపు గురించి చెప్పింది. దొంగతనం చేసి పట్టుబడ్డాక గురువు మీద నింద వేస్తోందన్నారు. సార్‌నే అడగండంది. కమిటీలో సార్ కూడా ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేస్తే మోగనిచ్చాడు, అది ఆగేదాకా దానివంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమె మళ్లీ చేయలేదు. నాచారంలో ఏదో కంపెనీలో షిఫ్టు పనికి చేరిందని పాండురంగ చెప్పాడు.

ఇంట్లో పద్మావతికి విషయం తెలుసు.  ఆయన అన్నంలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ వేళ్లవైపు ఒకసారి చూసేది. ఆమె ఊరికే చూసిందో, ఆయనకే అలా అనిపించిందో.

తనిఖీ బాగా జరిగింది. ఉత్తరేణి పని మధ్యలో ఆగకూడదని బసవరాజు కొత్తగా సుష్మ అనే అమ్మాయిని రామచంద్రరావు దగ్గర చేర్చాడు. చురుకైన పిల్ల. పాత వ్యాసం మొత్తం చదువుకుని వచ్చింది, దాదాపు కంఠతా పట్టింది.

దసరా వచ్చింది. పాండురంగ ఇత్తడి పళ్లెంలో పసుపు తడిపి తెచ్చాడు. ల్యాబ్‌లో ఇప్పటికీ పెద్దవాడు రామచంద్రరావే. ఆయన వేలు ముంచి ఒక్కో మిషన్‌కూ బొట్టు పెట్టుకుంటూ వచ్చాడు. సింకు పక్కన శిరీష గ్లాసులు తోమిన బ్రష్ అలాగే వేలాడుతోంది. కుచ్చు అరిగిపోయి పుల్ల మాత్రమే మిగిలింది. గాజుపాత్రల పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. పాండురంగ పళ్లెం ఇంకాస్త ముందుకు జరిపాడు. అందరూ చూస్తున్నారు. దానికీ బొట్టు పెట్టాడు.

అప్పుడు సుష్మ దగ్గరికొచ్చి, రేపే చెరువు గట్టుకెళ్లి వేర్లు తవ్వుకొస్తానని, ఆ మూపురం తనకు తప్పకుండా రావాలంటే ఏం జాగ్రత్త తీసుకోవాలో చెప్పమని అడిగింది.

చెప్పవలసిన మాట ఆయన నాలుక మీద ఉంది. పాండురంగ ఉన్నాడు, తోటి మేష్టర్లు ఉన్నారు, బసవరాజు గుమ్మంలో కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రామచంద్రరావు పసుపంటిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"శుభ్రత ముఖ్యమమ్మా," అన్నాడు.