ఏడో పాటలో చివరి రెండు పేజీలు

కట్టలో రెండు కాగితాలు అంటుకుని వచ్చాయని ఆదిశేషు చూపుడువేలికి తెలిసిపోయింది. విడదీసి చూస్తే నిజమే, నూట ఎనభయ్యో పేజీ వెనక నూట ఎనభై ఒకటి నక్కి ఉంది. దాన్ని వేరు చేసి, కట్టను బల్లమీద రెండుసార్లు తట్టి, స్పైరల్ మిషన్లో పెట్టి పిడి లాగాడు. సెక్టారు మార్కెట్లో ఉన్న ఆ జిరాక్స్ కొట్టుకి ఎక్కువగా వచ్చేది పోటీపరీక్షల పిల్లలే. ఆదిశేషు చేతిమీదుగా వెళ్ళిన పుస్తకంలో పేజీ తప్పిందని ఇంతవరకూ ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ సంగతి అతను తప్ప ఇంకెవరూ గమనించలేదు కూడా.

"బాబాయ్, ఆజ్ భీ మూడింటికి వెళ్ళిపోతావా?" అన్నాడు కొట్టు యజమాని సురేశ్. భిలాయిలోనే పుట్టి పెరిగినవాడు కదా, మాట తెలుగులో ఎక్కి హిందీలో దిగుతాడు, లేదా హిందీలో ఎక్కి తెలుగులో దిగుతాడు.

"ఇయ్యాలే ఆకరు బాబూ. రేపు టీచరమ్మ ఎలిపోతన్నారు."

"ఫిర్ తో మంచిదే. రేపట్నుంచి శామ్ తక్ ఇక్కడే ఉండొచ్చు."

సాయంత్రం దాకా అంటే ఆదిశేషు నవ్వి, ఇంకో కట్ట అందుకున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మెడ మాత్రం కాస్త ముందుకి వంగి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు ఇంకొకరి భుజం మీదుగా కాగితంలోకి తొంగిచూసిన మెడ అది. రిటైరయ్యేదాకా సెక్టారు బడిలో సంగీతం గదికి ప్యూనుగా ఉన్నాడు. తాళం తియ్యడం, హార్మోనియాలు తుడవడం, సాయంత్రం పియానో మీద గుడ్డ కప్పడం, ఉద్యోగమంటే కాగితం మీద ఇంతే. కాగితం మీద లేని పని ఇంకొకటి ఉండేది. రజనీకుమారి టీచర్ పియానో వాయిస్తుంటే ఎడమపక్కన నిలబడి స్వరాల పుస్తకంలో పేజీలు తిప్పేవాడు. ఆవిడ రెండు చేతులకీ పని ఉంటుంది కాబట్టి మూడో చెయ్యి ఇతనిది.

స్వరాలు చదవడం అతనికి రాదు. మొదటి ఏడాది ఆవిడ గడ్డం ఊపితే తిప్పేవాడు. రెండో ఏడాదికి గడ్డంతో అవసరం లేకపోయింది, వింటే తెలిసిపోయేది. పై మూల ముందే ఎత్తి పట్టుకోవాలి. ముందు కాకుండా, వెనక కాకుండా, చప్పుడు కాకుండా తిప్పాలి. బాగా తిప్పినవాడు సభలో ఎవరి కంటికీ కనిపించడు. ఆదిశేషు చాలా బాగా తిప్పేవాడు.

పన్నెండున్నరకి ఖుర్సీపార్‌లో ఇంటికి వెళ్ళి అన్నానికి కూర్చున్నాడు. వరమ్మ ఊరమిరపకాయలు పొట్లం కట్టి పక్కన పెట్టింది.

"టీచరమ్మకి ఇష్టం కదేటి. విశాపట్నంలో మాత్రం ఎవులు ఎండబెట్టి పెడతారు?"

అంతలో పక్కింటి కొత్త కోడలు మజ్జిగ తోడు కోసం వచ్చి, గోడమీద ఫోటో చూసి, ఎవరని అడిగింది.

"మా మధులత," అంది వరమ్మ. "తొమ్మిదేళ్ళకి జొరమొచ్చి పోనాది. ఆ యేళ బళ్ళో పోగ్రాము. ఈయనకి సీటీ అంపినాను గానీ టయానికి అందనేదు. అందుంటే రెక్కలు కట్టుకుని వచ్చీవోడు."

ఇరవై ఆరేళ్ళుగా వరమ్మ ఈ మాట ఇలాగే చెబుతోంది. అత్తవారి వైపు ఎవరైనా తండ్రి ఎక్కడున్నాడని ఎత్తిపొడిస్తే వాళ్ళ మీద లేచేది. మొగుడి మీద ఈగ వాలనివ్వదు. ఆవిడ చెప్పిన ప్రతిసారీ ఆదిశేషు కంచంలోకి చూస్తాడు. చీటీ టైముకే అందింది.

మళ్ళీ కొట్టుకి వచ్చి, మూడు కాకముందే సైకిలు తీశాడు. మే నెల ఎండ. సెక్టారు రోడ్ల మీద చెట్ల నీడ తప్ప మనుషులు లేరు. టీచర్ క్వార్టర్లో ముందుగది నిండా కట్టిపెట్టిన పెట్టెలున్నాయి. ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన మేనకోడలు దుర్గ్‌లో ఏదో పని ఉందని వెళ్ళింది. రేపు పొద్దున రైలు. పియానోని చర్చివాళ్ళు పట్టుకుపోతారట. రజనీకుమారి అప్పటికే పియానో ముందు బల్లమీద కూర్చుని ఉంది. ఎనభై ఒక్క ఏళ్ళు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఉన్నది ఈ పియానో ఒక్కటే. మూడేళ్ళ కిందట చూపు పూర్తిగా పోయింది. పాటలన్నీ వేళ్ళకి కంఠస్థమే అయినా అతన్ని రోజూ రమ్మంటుంది. "పేజీ తిప్పేటప్పుడు కాస్త చప్పుడు చెయ్యి శేషూ. పక్కన మనిషున్నట్టు ఉంటుంది," అంటుంది.

పొట్లం చేతికిస్తే వాసన చూసి నవ్వింది. అతను పుస్తకం తెరిచి స్టాండు మీద పెట్టి, ఎడమపక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

ఆవిడది సాలూరు. చిన్నప్పుడు అక్కడి మిషన్ బంగళాలో ఒక జర్మన్ దొరసాని పియానో నేర్పి, ఈ పుస్తకం ఇచ్చి వెళ్ళిపోయింది. నూటయాభై ఏళ్ళ కిందట జర్మనీలో ఒకాయన ఏదో పెద్ద నవల చదివి, అందులో పడవవాడి కూతురు పలికే మాటలకి వరసలు కట్టాడట. మొత్తం ఏడు పాటలు. తండ్రి ఊరందరినీ ఏరు దాటిస్తూ ఉంటాడు. ఆ పిల్ల ఒడ్డున కూర్చుని అతని పడవ కోసం చూస్తూ ఉంటుంది. మొదటి పాటలో నీళ్ళతో కబుర్లు చెబుతుంది. మూడో పాటలో నాన్న మీద అలుగుతుంది. ఐదో పాటలో నాన్న కోటు లేకుండా చలిలోకి వెళ్ళాడని బెంగ పెట్టుకుంటుంది. ఏడో పాటలో జ్వరంతో పడుకుని, పడవ వచ్చిందా అని అడుగుతుంది. చివరి రెండు పేజీల్లో పిల్ల గొంతు ఉండదు, పియానో ఒక్కటే మోగుతుంది.

ఆదిశేషు ఈ కథ మోసుకెళ్ళి మధులతకి చెప్పేవాడు. ఇంటికి చేరేసరికి జర్మనీ ఏరు తమ ఊరి వంశధార అయిపోయేది. "ఏడో పాటలో ఆ పిల్ల ఏటైనాది నానా?" అని అడిగితే, "పోగ్రాం అయిపోనాక సెప్తాను," అని దాటవేశాడు.

ఆ ప్రోగ్రాం బడి వార్షికోత్సవం. పాడడానికి రాయపూర్ నుంచి ఎవరో వచ్చారు. పొద్దున పిల్లకి జ్వరం తగ్గినట్టుంటే ఆదిశేషు వెళ్ళాడు. ఏడో పాటలో రెండు పేజీలు మిగిలి ఉండగా వాచ్‌మన్ ఆంజి తెరచాటు నుంచి వచ్చి చీటీ చేతిలో పెట్టాడు. పాపకి బాగులేదు, వెంటనే ఆసుపత్రికి రా. చదివి టీచర్ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా కదిలినట్టనిపించింది. తాళానికి కదిలిందో, తనని చూసే కదిలిందో తెలియలేదు. తను వెళితే పాట ఆగిపోతుంది, సభంతా తనవైపు చూస్తుంది. రెండే పేజీలు కదా అనుకున్నాడు. రెండూ తిప్పాడు, చప్పుడు లేకుండా. ఆసుపత్రికి వెళ్ళేసరికి వరమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. "ఇప్పుడేనయ్యా. రెండు నిమిషాలవనేదు," అంది.

ఆ తర్వాత రజనీకుమారి ఎప్పుడు ఈ పాటలు వాయించినా ఆరోది కాగానే పుస్తకం మూసేసేది. ఎందుకని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇవాళ ఆరు పాటలూ అయ్యాయి. ఆవిడ పుస్తకం మూయలేదు.

"శేషూ, ఏడోది తియ్యి."

"ఒద్దు టీచరమ్మా."

"రేపటి నుంచి నాకు పియానో ఉండదు. నీకో మాట చెప్పకుండా వెళ్ళలేను కూడా." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు ఆంజి రావడం నేను చూశాను. నువ్వు చీటీ చదవడం చూశాను. నువ్వు నావైపు చూస్తే వద్దని తల ఊపాను. తాళానికి కాదు, నీకే. హెడ్మాస్టర్ ఎందుకో పిలుస్తున్నాడనుకున్నాను. పాట పాడైపోతుందనుకున్నాను."

 ఇన్నేళ్ళూ ఆదిశేషు తన ఒక్కడిదే అనుకున్న తప్పులో ఇంకొకరికి భాగముందని తెలిస్తే బరువు తగ్గాలి. తగ్గలేదు. పైగా ఈ ముసలావిడ కూడా ప్రతిసారీ ఆరో పాట దగ్గర ఎందుకు ఆగిపోతూ వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"మీరు ఒద్దన్నా నాను ఎలిపోవొచ్చు కదా టీచరమ్మా. సీటీ సదివినోడిని నానే కదా," అన్నాడు పుస్తకంలో ఏడో పాట తీస్తూ.

"వరమ్మకి తెలుసా?"

"నేదు. ఆలీసంగా అందినాదని సెప్పినాను. పిచ్చిది, అదే నిజమనుకుంటంది. నన్నేటైనా అంటే ఊరుకోదు."

రజనీకుమారి ఒళ్ళోంచి చేతులు తీసింది. వాటిని పియానో మెట్ల మీద పెట్టింది. "నేను వాయిస్తాను. ఆ రెండు పేజీలు రాగానే నువ్వు లేచి వెళ్ళిపో. వాటిని తిప్పకు. అప్పుడు వెళ్ళనివ్వలేదు, ఇప్పుడు వెళ్ళు శేషూ."

పాట మొదలైంది. ఇరవై ఆరేళ్ళయినా ఒక్క స్వరం కూడా చెవి మరిచిపోలేదు. పిల్ల పడవ గురించి అడిగే చోటు దాటింది. అతని చెయ్యి అలవాటుకొద్దీ పేజీ మూల పట్టుకుంది. పట్టుకుని, వదిలేసింది. అతను లేచాడు. వెనక్కి చూడలేదు, చెప్పి వెళ్ళలేదు. సైకిలెక్కి మలుపు తిరిగేదాకా పియానో వినిపిస్తూనే ఉంది, ఎక్కడా తడబడలేదు.

ఇంటికనే బయలుదేరాడు. కాని కాళ్ళు ఆసుపత్రి దారి పట్టాయి. ఎందుకెళ్తున్నట్టో తనకే తెలియదు. ఎవరో తరుముతున్నట్టు తొక్కాడు. గేటు దగ్గర దిగేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాలుగింటికి లోపలికి వదిలే వేళయింది, కిటికీ వెనక గార్డు పాసులు రాస్తున్నాడు.

"కిస్సే మిల్నా హై, బాబా?"

ఎవరిని చూడాలని అడిగితే ఆదిశేషు నోటికి ఇంకో పేరు రాలేదు.

"మధులత."

"ఉమ్ర్?" వయసు అడిగాడు గార్డు.

"నౌ సాల్."

"బచ్చోం కా వార్డ్. ఆప్ కౌన్ లగ్తే హైఁ?" పిల్లల వార్డని రాసుకుని, ఆ పిల్లకి ఏమవుతారని అడిగాడు.

"బాప్."

గార్డు రాసి, చించి, కాగితం ముందుకి తోశాడు. "జాయియే. అభీ టైమ్ హై."

ఇంకా టైముంది అన్న మాట వినగానే ఆదిశేషు కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చాడు. కూతురు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు ఏడిస్తే నిజం బయటికొస్తుందని భయపడ్డాడు. వెనక వరసలోవాళ్ళు ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. గార్డు సీసాతో నీళ్ళిచ్చి, పిల్లకి ఏమీ కాదని ధైర్యం చెప్పాడు.

"నై భయ్యా," అన్నాడు ఆదిశేషు ముఖం తుడుచుకుని. "ఘర్ జానా హై. ఘర్‌వాలీ కో ఏక్ బాత్ బతానీ హై."

ఇంటికెళ్ళి చెప్పాల్సిన ఆ మాట వరమ్మతో ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియదు. చీటీ దగ్గర మొదలుపెడితే చాలనుకున్నాడు. ఆవిడ ఏమంటుందో, ఏమీ అనకుండా ఉండిపోతుందో, అదీ తెలియదు. సైకిలు తిప్పి ఖుర్సీపార్ వైపు సాగాడు.

గార్డు ఒకటి రెండుసార్లు పిలిచి, వరసలో తర్వాతివాళ్ళని చూసుకున్నాడు. కిటికీ చెక్కమీద పాసు అలాగే ఉంది, పేరు మధులత, వయసు తొమ్మిది, చూడవచ్చినవారు తండ్రి, సమయం నాలుగూ పది.