గుమ్మాల మీద బొగ్గు గుర్తులు

మంగాయమ్మకి అనుమానం పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడని ఆలోచించే మనిషి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆవిడ ఉండే వరసలో పద్నాలుగు క్వార్టర్లు. పద్నాలుగింటికీ కాపలా తనదేనన్నట్టు పొద్దస్తమానం వరండాలో పీట వేసుకుని కూర్చునేది. భర్త ఆదినారాయణ గూడ్సు బండి గార్డు. లైన్ మీదికి వెళ్ళాడంటే రెండు మూడు రోజులకి గాని ఇంటి మొహం చూడడు. ఇంట్లో మిగిలేది ఆవిడా, పదకొండేళ్ళ కూతురు తనూజా.

"మా మంగాయమ్మొదినుండగా ఈ వరసలోకి పిల్లి రావాలన్నా పర్మిషన్ కావాల" అని పక్క క్వార్టరు ఉషారాణి వచ్చేపోయే వాళ్ళతో చెబుతుండేది. ఎగతాళో మెచ్చుకోలో తెలియని ఆ మాటకి మంగాయమ్మ మాత్రం పొంగిపోయేది.

అలాంటి మనిషి గుమ్మం పక్కనే ఒక మంగళవారం ఉదయం బొగ్గుతో గీసిన గుర్తు కనబడింది. క్వార్టరు నంబరుకి బాగా కింద, మోకాలి ఎత్తున ఉంది. ఒక నిలువు పెట్టె. పెట్టె లోపల రెండు చుక్కలు. పక్కన మూడు అడ్డగీతలు.

కన్నం వెయ్యబోయే ముందు దొంగలు ఇళ్ళకి గుర్తులు పెట్టి పోతారని ఆవిడ చిన్నప్పుడు ఇచ్ఛాపురంలో విన్నదే. దీని అర్థం తెలుసుకోవడానికి పెద్ద చదువులేమీ అవసరం లేదనిపించింది. పెట్టె అంటే ఇల్లు. రెండు చుక్కలంటే ఇద్దరు ఆడమనుషులు. మూడు గీతలంటే మగాడు ఇంట్లో లేని మూడు రోజులు. ఇంతకంటే తేటగా ఏ దొంగ రాస్తాడు?

తడిగుడ్డ తెచ్చి గట్టిగా తుడిచేసింది. బడి వదిలిన గంటకల్లా గుర్తు మళ్ళీ అక్కడే ఉంది. పెట్టె ఈసారి ఇంకాస్త నల్లగా, మరింత శ్రద్ధగా గీసి ఉంది.

చింతపండు అప్పడగాలన్న వంకతో వరస ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచి వచ్చింది మంగాయమ్మ. ఒక్క ఇంటినీ వదల్లేదు దొంగవెధవలు. ఇంజను డ్రైవర్ చిన్నారావు గుమ్మం దగ్గర మూసిన కన్ను ఉంది. అతను రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలంతా నిద్రపోతాడు, పైకప్పు ఎత్తుకుపోయినా లేవడని కాబోలు. ఉషారాణి ఇంటి దగ్గర దారానికి వేలాడే అరచందమామ ఉంది. అంటే మెడలో గొలుసున్న ఇల్లు. భర్త పోయాక ఆఫీసులో ప్యూన్ ఉద్యోగం వచ్చిన చిన్నతల్లి ఇంటి దగ్గర తెరిచిన నోరు ఉంది. అదేమిటో అంతుపట్టలేదు గాని, మంచిదైతే కాదని తేల్చుకుంది.

ఇక గీసింది ఎవరన్నదే ప్రశ్న. మంగాయమ్మ రెండు రోజులు ఆలోచించింది. గుర్తులు పెట్టడం ఎవరి పని? ఒక ఇంటి బట్ట ఇంకో ఇంటికి పోకుండా నల్లజీడి రసంతో మూల మీద గుర్తు వేసేవాడిది. వరస చివర రేకుల పందిరి కింద బల్ల వేసుకుని, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పన్నెండేళ్ళుగా బట్టలు చేస్తున్న బుధారూది. రోజూ బెల్తరా అనే పల్లె నుంచి సైకిలు తొక్కుకుంటూ వస్తాడు. అంత దూరం నుంచి ఇక్కడికే ఎందుకు రావాలన్నది ఆవిడకి ఎప్పుడూ ఉన్న సందేహమే. లోపలికి వెళ్ళి దిండుగలీబు తిరగేసి చూసింది. మూల మీద చిన్న పెట్టె, అందులో ఒక చుక్క ఉన్నాయి. పెట్టె దొరికింది, ఒక చుక్కా దొరికింది. రెండో చుక్క సంగతి బుధారూయే చెప్పాలి.

శుక్రవారం సాయంత్రం ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. బుధారూ ఇస్త్రీపెట్టెలోంచి ఆరిన బొగ్గు ముక్కలు ఏరి, కాగితంలో పొట్లం కట్టి తనూజ చేతికిచ్చాడు. తనూజ దాన్ని గౌను జేబులో దాచుకుని, అతని మొహంలోకి చూస్తూ, "కాకా, జరా అప్నీ ఆంఖేఁ దేనా" అంది. నీ కళ్ళు ఓసారి ఇయ్యవా అని. అతను నవ్వి, కళ్ళు మూసుకుని, పిల్ల నెత్తిన చెయ్యి పెట్టాడు.

మంగాయమ్మ ఇదంతా దగ్గర్నుంచే చూసింది. కళ్ళు ఇచ్చిపుచ్చుకోవడమేమిటి? పిల్లకి మందుగాని పెట్టాడా? తనూజని ఇంటికి లాక్కొచ్చి తలుపు వేసింది.

"ఏటే ఆడిచ్చింది?"

"కుఛ్ నహీఁ అమ్మా."

"కుఛ్ నహీ ఏటి? జేబు సూపించు. ఆడు నిన్నేటి అడుగుతున్నాడు? ఏ ఇంటోళ్ళు ఎప్పుడుంటారని అడుగుతున్నాడేటి?"

"అరే, కాకా ఏమీ అడగడమ్మా. అది మా సీక్రెట్. పెద్దోళ్ళకి చెప్పకూడదు, రూల్."

రూలుట! శనివారం పొద్దున్నే మంగాయమ్మ కాలనీ కమిటీ పెద్ద, హెడ్ క్లర్కు రమణమూర్తి ఇంటికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పద్నాలుగు గుమ్మాలూ వంగి వంగి చూశాడు. వంగినకొద్దీ ఆయనకీ భయం వేసింది. భయాన్ని నిర్ణయంగా మార్చడం ఆయనకి ఆఫీసులో అలవాటే.

"రేపు ఆదివారం, అందరం ఉంటాం. ఆడి బల్ల ఎత్తించీద్దాం చెల్లెమ్మా. ఇక ఈ కాలనీలో అడుగెట్టడు" అన్నాడు.

ఆదివారం పది గంటలకి మగవాళ్ళంతా పందిరి చుట్టూ చేరారు. బుధారూ ఎవరి మొహంలోకీ చూడలేదు. మంగాయమ్మ వైపు తిరిగి, "మైఁ కుఛు నై కరే హవఁ దాయీ" అని మాత్రం అన్నాడు. నేనేమీ చెయ్యలేదు తల్లీ అని. ఆవిడ మొహం తిప్పుకుంది. ఎవరో పైకెక్కి రేకులు ఊడదీశారు, ఇంకెవరో బల్లని పందిరి బయటికి లాగేశారు. బుధారూ ఇస్త్రీపెట్టెలోని నిప్పులు మట్టిలో గుమ్మరించి, దాన్ని సైకిలుకి తాడుతో కట్టడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు ఉషారాణి ఇంట్లోంచి పిల్లలంతా బయటికి పరిగెత్తుకొచ్చారు. ఆదివారం పదింటికి ఆ ఇంట్లో టీవీ ముందు నుంచి పిల్లలు కదలడమన్నది ఎప్పుడూ లేదు. ఎక్కడో మంచు దేశంలో తీసి, హిందీ మాటలు పెట్టిన బొమ్మల సీరియల్ ఒకటి వస్తుందప్పుడు. మంగాయమ్మ దాన్ని ఒక్కసారీ చూసెరగదు. టీవీ ఉన్న ఇంటి మీద దొంగల కన్ను పడుతుందని ఆవిడ ఇంట్లో టీవీ కొననివ్వలేదు.

"కాకా కాదు! మేమే గీశాం!" తనూజ జనాన్ని తోసుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది. "రమణమూర్తి మావయ్యా, సచ్చీ, ఒట్టు, మేమే!"

"మీరెందుకు గీత్తారే?" అన్నాడు రమణమూర్తి.

పిల్ల గబగబా చెప్పుకొచ్చింది. సీరియల్లో ఛున్ను అని ఒక చుంచెలుక ఉంది. దానికి చూపు ఆనదు. వారానికొక జంతువు దగ్గరికి పోయి, నీ కళ్ళు ఓసారి ఇయ్యవా అని అడుగుతుంది. చీమ కళ్ళు పెట్టుకుంటే పంచదార పలుకు కొండంత. గుడ్లగూబ కళ్ళు పెట్టుకుంటే ఎండ సూదుల్లా గుచ్చుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ జంతువు గుమ్మంలో ఛున్ను ఒక గుర్తు గీసి పోతుంది, తర్వాత వచ్చేవాళ్ళు ఆ ఇంట్లో ఎలా మసలుకోవాలో తెలియాలని.

"మేము కూడా అందరి కళ్ళూ అడిగాం. చిన్నారావు మావయ్య గుడ్లగూబ కదా, ఆయనకి మన పగలే రాత్రి. అందుకే మూసిన కన్ను. అక్కడ గోల చెయ్యకూడదు. ఉషత్త ఇంట్లో ఉయ్యాల, పాప ఉంది. చిన్నతల్లి పిన్నికి చదవడం రాదు కదా, ఉత్తరం వస్తే ఎవరి దగ్గరికెళ్ళాలన్నా సిగ్గు. అందుకే నోరు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే, చదివేదేమైనా ఉందా పిన్నీ అని మనమే అడగాలి. కాకా ఒట్టి బొగ్గు ఇచ్చాడు, అంతే."

లుంగీ మీద నిద్రమొహంతో వచ్చిన చిన్నారావు నోరు తెరిచాడు. "అదేటర్రా! వారం బట్టి నా ఇంటి ముందర క్రికెట్ ఆగిపోనాది. గుంటలకి జొరాలొచ్చీసాయేమో అనుకున్నాను."

కొందరు నవ్వారు. రమణమూర్తి నవ్వలేదు. పది మందిని పోగేసి రేకులు ఊడదీయించాక, ఎలకబొమ్మ చూసి వెనక్కి తగ్గాడనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

"ఇయన్నీ ఆడు నేర్పిన మాటలు కాదని ఏటి నమ్మకం? మీ ఇంటి గుర్తు సంగతి చెప్పు. ఇద్దరు ఆడోళ్ళు, మూడు రోజులు మగదిక్కు లేదు. మీ నాన్న నిజంగానే లైన్ మీదున్నాడు. దానికేటంటావు?"

తనూజ, తల్లి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

"అది చెప్పను."

"చూసారా!" అన్నాడు రమణమూర్తి అందరికేసీ తిరిగి. "ఒలే, చెప్పవా, చెప్పలేవా?"

"ఆ వారం ఛున్ను..." అంది పిల్ల. "ఆ వారం కుక్క కళ్ళు అడిగింది. ఊరంతా ఆ కుక్కని తిడతారు, ఊరికే అందరి మీదా మొరుగుతుందని. దాని కళ్ళు పెట్టుకుంటే..." అక్కడ ఆగిపోయింది.

మంగాయమ్మకి అర్థమైంది. కడుపున పుట్టింది నన్ను కుక్కతో పోల్చిందా అని ముందు ఒళ్ళు మండింది. ఆ వెనకే గుర్తొచ్చింది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైతే, ఆవిడ కత్తిపీట రెండు చేతులా పట్టుకుని తలుపు వెనక నిలబడింది. సందులోంచి చూస్తూ ఊపిరి కూడా తియ్యలేదు. బంతి కోసం వచ్చిన పిల్లలు కొట్టి కొట్టి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగేసరికి వంటింటి గడపలో తనూజ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. పిల్ల వచ్చి చేతుల్లోంచి కత్తిపీట తీసుకుని మూలన పెట్టింది.

ఇప్పుడు తను నోరు మెదపకపోతే ఏమీ కాదు. బుధారూ సైకిలెక్కి వెళ్ళిపోతాడు. తన మాటే నెగ్గుతుంది. పిల్లి రావాలన్నా పర్మిషన్ కావాలని ఉషారాణి రేపూ అంటుంది. ఇన్నేళ్ళు దాచుకున్నది ఇంకొన్నాళ్ళు దాచుకోవచ్చు. ఎదురుగా బుధారూ సైకిలు మీద తాడు ముడి వేస్తున్నాడు. వేళ్ళు సరిగా పని చెయ్యక ముడి జారిపోతోంది. అలా ముడి పడని చేతులు ఎలా ఉంటాయో మంగాయమ్మకి బాగా తెలుసు.

"రమణమూర్తి బాబూ, ఆ గుర్తు నాను చెప్తాను" అంది. "అది ఇల్లు కాదు, తలుపు. ఆ రెండు చుక్కలూ నా కళ్ళు. ఎవులైనా తలుపు కొడితే నాను ఎనకాల నిలబడి సందులోంచి సూత్తాను. కాళ్ళు వణికిపోతాయి నాకు." కూతురి వైపు తిరిగింది. "ఆ మూడు గీతలూ ఏటే?"

తనూజ ఏడుస్తూనే చెప్పింది. "ఆవాజ్ అమ్మా, కేక. మన తలుపు కొట్టే ముందు పేరు గట్టిగా చెప్పాలని. ముందే ఆవాజ్ ఇస్తే నువ్వు భయపడవని."

ఉషారాణికి నమ్మకం కలగలేదు. "నీకు భయమేటొదినా? వరసంతా నిన్ను చూసి భయపడతంటే!"

"ఔను. ఈయన లైన్ మీదకెల్లిన కాడ్నుంచి తిరిగొచ్చీ దాకా భయమే. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. అందుకే అందరి మీదా అరుత్తాను." ఆవిడకి ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. "ఆ రేకులు మళ్ళీ కట్టించండి బాబూ. అతగాడి తప్పేటీ లేదు."

రమణమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకోవడంలో పడ్డాడు. మంగాయమ్మ బుధారూ దగ్గరికి వెళ్ళింది. అతను తాడు వదిలేసి, మసి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"మోలా ఘలో డర్ లాగథే దాయీ" అన్నాడు నెమ్మదిగా. తనకి కూడా భయమేనట. "తుమన్ లా దేఖ్ కే."

మిమ్మల్ని చూసి. ఆ గొంతులో కోపం లేకపోవడమే ఆవిడకి భరించరానిదైంది. వంగి, బయట పడున్న బల్లకి ఒక పక్క చెయ్యి వేసింది.

"అటు నువ్వట్టుకో నాయినా" అంది.