తోడొచ్చిన వదిన

పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికే ఆమెకు కొన్నాళ్లుగా జ్వరం, దగ్గు. ఆవిరి యంత్రాల మధ్య నిలబడితే ఊపిరి అందడం లేదు. "అదే తగ్గుతుందిలే" అని దాటేస్తుంటే, వదిన ఆమెను ఆస్పత్రికి లాక్కొచ్చింది.

వదినది వేరే జాతి. అన్న ప్రేమించి చేసుకున్నాడు. ఆమె తెల్లగా ఉంటుంది, ఖరీదైన బట్టల దుకాణంలో పని, నోరు పెద్దది. ఆడపడుచు నలుపు, మాట తక్కువ.

కౌంటర్లో నర్సు వదినను చూసి నవ్వింది. "రండి మేడమ్, కూర్చోండి. మీ పనమ్మాయిని బయట ఉండమనండి."

వదిన నోరు తెరిచేలోపే చేతికి బీపీ పట్టీ చుట్టి, నోట్లో థర్మామీటర్ పెట్టేశారు. ఆమె నోరు మూయించగలిగిన వస్తువు లోకంలో ఒకటుందని ఆడపడుచుకు అప్పుడే తెలిసింది. దగ్గులోనూ నవ్వాగలేదు.

థర్మామీటర్ తియ్యగానే వదిన అందుకుంది. "నాకేం రోగమమ్మా, రాయిలా ఉన్నాను. జబ్బు మా ఆడపడుచుకి."

నర్సు నవ్వు మాయమైంది. "అయితే లైన్లో నిలబడమనండి. దగ్గేగా, సాయంత్రం దాకా ఆగొచ్చు."

"నేను రోగిననుకున్నప్పుడు లైను లేదే?" అంటూ వదిన లేచి ఆడపడుచును అక్కడ కూర్చోబెట్టింది.

"పోదాం పద వదినా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ చూసేవాళ్లలో డాక్టరు కూడా ఉంటే మన పని జరిగిపోతుంది."

ఆ మాట విని పెద్ద డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. ఆడపడుచు వీపుకు స్టెతస్కోపు ఆనించి వింటున్నకొద్దీ డాక్టరమ్మ ముఖం మారింది. ఎక్స్‌రేలో న్యుమోనియా బయటపడింది. వెంటనే మంచం, ఆక్సిజన్, మందులు.

కోలుకుని ఇంటికి బయల్దేరిన రోజు నర్సు తలవంచుకుని వచ్చింది. "మిమ్మల్ని సరిగ్గా చూడలేదు. తప్పైపోయింది."

"నాకేం వింతగా అనిపించలేదమ్మా, ఎక్కడికెళ్లినా ఇంతేగా" అంది ఆడపడుచు మామూలుగా. "కాకపోతే మా లాండ్రీలో ఇంకొందరికి ఇదే దగ్గు. వాళ్లకు ఇలాంటి వదిన లేదు."

పక్కనే డిశ్చార్జి కాగితాలు రాస్తున్న డాక్టరమ్మ తలెత్తింది.

"అందర్నీ తీసుకురా తల్లీ, నేనే చూస్తాను" అంది డాక్టరమ్మ. మర్నాడు లాండ్రీ వాళ్లంతా వచ్చారు, గలగలా కబుర్లాడుకుంటూ. నర్సే ఎదురెళ్లి కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ సిబ్బందిని పిలిచి ఒక్క మాటే చెప్పింది: "ఒంటి రంగో ఒంటి మీది బట్టలో చూసి మనం రోగిని ఎంచుకోకూడదు, వైద్యం అందడానికి ఏ మనిషికీ తెల్లటి వదిన అవసరం రాకూడదు."