రెండో జలపాతానికి దారి

అడవిలోంచి దిగి ఆఫీసు మెట్లెక్కేసరికి ఆవిడ పిక్కలు గుంజేస్తున్నాయి. ఆఫీసంటే ఒక్క గది. గోడకి అడవి మ్యాపు, మూల హెల్మెట్ల గుట్ట, ఎంతకీ ఆరని రెయిన్ కోట్లు. భర్తకి మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి యాత్రికుల్ని వెంటబెట్టుకు నడిచే పని ఆవిడ మీదే పడింది. బుకింగులు మరిది చూసుకుంటాడు.

ఆవిడ బల్ల మీద కూలబడి, ఒక బూటు విప్పి, చీలమండకి పట్టిన జలగను ఊడబెరికింది.

"వదినా, ఎల్లుండి రిటైరైన టీచర్లొస్తున్నారు," అన్నాడు మరిది హుషారుగా. "పొద్దున లావా గుహలు, భోజనాలయ్యాక రెండు జలపాతాలు. ఒప్పేసుకున్నా."

"రెండో జలపాతం లేదు."

"లేకపోవడమేంటి? ఎక్కడికి పోయింది?"

"అది అక్కడే ఉంది. దారే లేదు. వాగు మీది దుంగ కొట్టుకుపోయింది. మొదటిదాని దగ్గర కొండచరియ జారింది. చూసే వస్తున్నా."

"తాడు కడదాం."

"పట్టుకుని వాగులో నిలబడేది నేనేగా?"

మరిది మొహం మాడ్చుకున్నాడు. "జలపాతాల్లేవంటే వాళ్లు రారు వదినా."

"రాకపోతే పడుకుంటా."

కోపంతో అన్న మాట కాదది. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆవిడ ఒంటి మీద పొడిబట్ట నిలిచింది లేదు.

మరిది నంబరు నొక్కి ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

అవతల ఆ బృందానికి పెద్ద, ఒకప్పటి హెడ్మిస్ట్రెస్. వదిన ఉన్నదున్నట్టు చెప్పేసింది. "గుహలు చూపిస్తానండీ. జలపాతాలు మాత్రం నా వల్ల కాదు."

హెడ్మిస్ట్రెస్ పక్కవాళ్లని అడిగి మళ్లీ ఫోనందుకుంది.

"అయితే వానలు తగ్గాకే వస్తాం లెండి, అన్నీ చూడొచ్చు. మీ గొంతు వింటుంటే ముందు మీకు నిద్ర కావాలనిపిస్తోందమ్మా."

"అవునండీ," అంది ఆవిడ. ఫోను మరిదికిచ్చేసింది.

వచ్చిన బేరం పోయిందని మరిది నిట్టూర్చాడు. వెళ్లి టీ పట్టుకొచ్చాడు. అప్పటికే ఆవిడ గోడకి జారగిలబడి నిద్రపోతోంది, ఒక కాలికి బూటు అలాగే ఉంది. మరిది కింద కూర్చుని, నానిపోయిన లేసులు మెల్లగా విప్పి బూటు లాగాడు. ఆవిడ కదల్లేదు.

గుమ్మం బయటికెళ్లి గొంతు తగ్గించి అన్నకి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఇవాళ అన్నం నువ్వే వండు. వదిన రావడం ఆలస్యమవుతుంది."