పిప్పి మీద అడుగు

ఆరేళ్ళుగా రుయిజెన్‌కి నోరు మండుతూనే ఉంది. పచ్చిమిరపకాయ కొరికినట్టు నాలుకంతా ఒకటే భగభగ. పుండు లేదు, వాపు లేదు, అందుకే చూసినవాళ్ళంతా వేషాలనేవాళ్ళు.

"ఏమన్నా తగ్గిందా పెద్దమ్మా?" అన్నాడు వైద్యుడు ఓయాంగ్, ఆవిడ చేతిలో సూదులు గుచ్చుతూ.

"తగ్గితే నీ మొహం చూడ్డానికి రెండు బస్సులు మారి వస్తానా?"

అతను నవ్వేశాడు. "కషాయం కాచాక పిప్పి ఎక్కడ పారేస్తున్నావు?"

"ఎక్కడేమిటి, వీధి మధ్యనే! తొక్కినవాడు రోగాన్ని పట్టుకుపోవాలి గదా. మా అమ్మా అలాగే పోసేది."

కానీ ఆ వీధిలో తొక్కడానికి ఎవడున్నాడని? గోడల మీద ఎర్రరంగుతో 'కూల్చాలి' అని రాసిపోయారు. పదిహేడిళ్ళ వాళ్ళూ ఊరిచివర అపార్టుమెంట్లకి వెళ్ళిపోయారు. మొండికేసి ఆవిడొక్కతే మిగిలింది. రోజూ ఆ చేదంతా మింగడం, పిప్పి పోయడం, కిటికీలోంచి కాచుక్కూర్చోవడం. పిల్లి కూడా వచ్చేది కాదు.

మర్నాడు తలుపు తీస్తే, నిన్న పోసిన పిప్పి మధ్యలో చెప్పుకాలి అడుగు పడి ఉంది!

రుయిజెన్ "అమ్మయ్య, పోయింది," అనుకుంది. ఆ వెంటనే, "పాపం, ఏ తల్లి కన్న బిడ్డో," అని జాలిపడింది కూడా. వంగి చూసింది. అడుగు వీధి చివరికి పోవడం లేదు, తన గడప వైపే తిరిగి ఉంది.

కుడికాలి చెప్పు విప్పి తిరగేసింది. అరిగిన మడమ కింద పిప్పి అంటుకుని ఉంది.